విమానంలో విద్యుత్తీగెల బిగింపు: ఒక గ్రంథ పరిశీలన

1998 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి న్యూయార్కు నుండి జెనీవాకు బయలుదేరిన స్విస్ ఎయిర్ 111వ నంబరు విమానం కెనడాలోని నోవాస్కోషియా తీరాన సముద్రంలో కూలిపోయింది. అందులో ఉన్న 229 మందిలో ఒక్కరూ బ్రతకలేదు. నాలుగేండ్లకు పైగా దర్యాప్తు జరిపి కెనడా రవాణా భద్రతా మండలి 2003 మార్చిలో నివేదిక ప్రకటించింది. విమానచోదకుల గదికి పైకప్పు వెనుక ఒక విద్యుత్తీగె వద్ద నిప్పు పుట్టి, దాపున ఉన్న పలుచని పొరకు అంటుకొని వ్యాపించి ఉండవచ్చునని ఆ నివేదిక సారాంశం.

ఆ ప్రమాదం జరిగిన ఆరవ నాటి తేదీతో, అనగా సెప్టెంబరు 8వ తేదీతో, అమెరికా ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ వారి గ్రంథం ఒకటి వెలువడినది. దాని పేరు అడ్వైజరీ సర్క్యులర్ 43.13-1బి. విమానాల తనిఖీకి, మరమ్మతుకు ఆమోదింపదగిన పద్ధతులు ఏవో చెప్పడం దాని పని. ప్రమాదానికీ గ్రంథానికీ ఏ సంబంధమూ లేదు. తేదీలు దగ్గర పడడం కేవలం కాకతాళీయం. ఐనా విద్యుత్తీగెలను గూర్చిన 11వ అధ్యాయాన్ని చదివేవారికి ఆ కాకతాళీయం మరపునకు రాదు. తీగె ఎంత చిన్నదో, అది చేయగల హాని ఎంత పెద్దదో తెలిసిన తరువాత, దానిని ఎక్కడ ఎట్లా కట్టవలెనన్న ప్రశ్న అల్పమైనదిగా తోచదు.

ఈ గ్రంథాన్ని ఎక్కువ శ్రద్ధతో చదివేవారిలో విమానాన్ని సొంతచేతులతో కట్టుకొనేవారు ఒక వర్గం. అమెరికాలో ఇది చాలకాలంగా ఉన్న అలవాటు. 1953లో పాల్ పోబెరెజ్నీ మిల్వాకీ నగరంలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించిన తరువాత అది ఒక ఉద్యమమే అయింది. తన విద్యకోసమో వినోదంకోసమో ఒక మనిషి విమానంలో అధికభాగాన్ని తానే నిర్మించుకొన్నట్లయితే, ప్రభుత్వం దానిని పరిశీలించి ప్రయోగాత్మక తరగతిలో ఎగురవేయడానికి అనుమతి ఇస్తుంది. మోటారు షెడ్డులో రెక్కలకు రివెట్లు కొట్టి, తీగెలు లాగి, ఇంజను బిగించుకొనే ఈ నిర్మాతకు చట్టరీత్యా 43.13 గ్రంథం శాసనం కాదు. ఐనా తన పని సరిగా ఉన్నదా లేదా అని చూసుకొనడానికి ఒక కొలబద్ద కావాలి గనుక అతడు దీనినే తెరుస్తాడు. కాబట్టి ఈ గ్రంథాన్ని ఎవరికోసం వ్రాశారో వారి దృష్టితోనే కాక, ఎవరు చదువుతున్నారో వారి దృష్టితో కూడ పరీక్షించడం న్యాయం.

ముందు తీగెకు కలిగే కష్టం ఎట్టిదో తెలియాలి. నాలుగు సిలిండర్ల విమానపు ఇంజను నిమిషానికి 2400 చుట్లు తిరుగుతున్నదనుకొందాం. అది నాలుగు ఘాతాల ఇంజను గనుక రెండు చుట్లకు నాలుగుసార్లు పేలుతుంది. అనగా సెకనుకు 80 అదుర్లు, గంటకు 2,88,000, నూరు గంటల ప్రయాణానికి 2 కోట్ల 88 లక్షలు. ఇట్టి విమానాల్లో సామాన్యంగా వాడే 20 గేజి తీగెకు పైతొడుగు మందం మిల్లీమీటరులో పావువంతు మాత్రమే. ఆ తొడుగు ఒక అల్యూమినియపు అంచును తాకుతూ ఉంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చేదతాడు రాపిడికి బావిగట్టు రాయే గాడిపడుతుంది. మెత్తని తొడుగు ఎంత?

తొడుగు అరిగి లోపలి రాగి విమానపు లోహానికి తగిలిన క్షణంలో రెండింట ఒకటి జరుగుతుంది. గట్టిగా తగిలితే ప్రవాహం ఒక్కమారుగా పెరిగి ఫ్యూజు కరిగిపోతుంది. దీపమో రేడియోయో ఆగిపోతుంది. ఇది మేలైన పక్షం. తగిలీ తగలక, అదురుతో పాటు అంటుకొంటూ విడిపోతూ ఉంటే, ఆ సందులో విద్యుత్తు గాలిని చీల్చుకొని మెరుస్తుంది. దీనికే విద్యుచ్చాపం అని పేరు. ఒక్కొక్క మెరుపు క్షణకాలపుది గనుక ఫ్యూజు దానిని పసిగట్టలేక పోవచ్చు. కాని దాని వేడి వేలాది డిగ్రీలు. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే. అట్టి మెరుపు పెట్రోలు గొట్టం ప్రక్కన లేచినట్లయితే గొట్టానికి చిల్లి పడుతుంది, చిల్లికి నిప్పూ సిద్ధంగా ఉంటుంది. స్విస్ ఎయిర్ దర్యాప్తులో కూడ అప్పటి సర్క్యూట్ బ్రేకర్లు అన్ని రకాల విద్యుచ్చాపాలనుండి రక్షణ ఇవ్వజాలవని తేలినది.

అంతకంటె గమనింపదగినది మరొకటి. బ్యాటరీనుండి స్టార్టరు మోటారుకు పోయే లావు తీగెకు సామాన్యంగా ఫ్యూజే ఉండదు. స్టార్టరు తొలిక్షణంలో వందల ఆంపియర్లు పీల్చుకొంటుంది గనుక ఆ త్రోవలో ఫ్యూజు పెట్టరు. ఆ తీగెకు కాపలా రెండే: బ్యాటరీ దగ్గర ఉండే ప్రధాన స్విచ్చి, తీగెను పట్టి ఉంచే క్లాంపు. మొదటిది మనిషి చేయి వేస్తేనే పనిచేస్తుంది. రెండవది నిరంతరం పనిచేయాలి. తీగెను బిగించడం అందం కోసం కాదు. అది విమాన రక్షణలో ఒక అంగం.

ఈ దృష్టితో 11వ అధ్యాయాన్ని చూస్తే అందులోని మేలిమి వెంటనే కనబడుతుంది. తీగెల కట్టకు ఆధారమైన క్లాంపుల మధ్య దూరం 24 అంగుళాలు, అనగా 61 సెంటీమీటర్లు, మించకూడదంటుంది. రెండు క్లాంపుల నడుమ కట్టను చేతితో మామూలుగా నొక్కితే అది అర అంగుళంకంటె ఎక్కువ క్రుంగకూడదంటుంది. ఇది ఎంతో తెలివైన పరీక్ష. పరికరం అక్కరలేదు, లెక్క అక్కరలేదు. చేయి ఉంటే చాలు. పైగా గ్రంథకర్తలు అంతటితో ఊరుకొనలేదు. కట్ట సన్ననిదై క్లాంపులు దూరంగా ఉన్నప్పుడు ఆ అర అంగుళం దాటవచ్చు గాని, ఎంత వదులైనా అది మరొక తలానికి రాసుకొనేటంత వదులు కాకూడదని చేర్చినారు. సంఖ్య వెనుక ఉన్న కారణం ఇక్కడ స్పష్టంగా ఉన్నది. చదివినవాడు సంఖ్యను మరచినా కారణాన్ని మరువడు.

క్లాంపును గూర్చి చెప్పిన మాటలు కూడ అనుభవం పండినవారివి. లోహపు పట్టీకి లోపల రబ్బరు వంటి మెత్త ఉండాలి. కట్టను మెల్లగా లాగితే అది క్లాంపులోనుండి జారకూడదు. బిగించే స్క్రూ పైన, కట్ట క్రింద ఉండాలి. అప్పుడు స్క్రూ కొంత వదులైనా కట్ట బరువు పట్టీ ఒడిలోనే నిలుస్తుంది. తీగెలు లోహపు గోడలోని రంధ్రంలో దూరినచోట వాటికీ రంధ్రపు అంచుకూ పావు అంగుళం ఎడం లేకపోతే ఆ అంచుకు గ్రామెట్, అనగా రబ్బరు కమ్మి, తొడగాలి. విమానాన్ని నడిపే ఉక్కు కేబుళ్లకు తీగెలు 3 అంగుళాల దూరాన ఉండాలి. అది సాధ్యం కాకపోతే అడ్డుగా రక్షణ అమర్చాలి. వంపుల విషయంలో కట్టలోని లావైన తీగె వ్యాసానికి పది రెట్లకంటె తక్కువ అర్ధవ్యాసంతో వంచకూడదు. తగిన ఆధారం ఉన్నచోట మూడు రెట్లు చాలును.

పెట్రోలు, నూనె, ఆక్సిజన్ గొట్టాలను గూర్చిన భాగం ఈ అధ్యాయంలో ఉత్తమమైనది. మెరుపు గొట్టాన్ని తూట్లు పొడవగలదని మొదటనే హెచ్చరించి, తరువాత నియమాలు చెబుతుంది. సాధ్యమైనంతవరకు తీగెలు గొట్టాలకు పైన, 6 అంగుళాల ఎడంగా పోవాలి. పైన ఎందుకంటే గొట్టం కారితే కారినది క్రిందికి పడుతుంది, తీగెలమీద పడదు. ఆ వీలు లేనిచోట గొట్టానికి సమాంతరంగా లాగకుండా కనీసం 2 అంగుళాలు వదలాలి. అదీ కుదరక, అర అంగుళం దూరాన కదలకుండా క్లాంపులతో నిలిపినప్పుడు కూడ, ఆ క్లాంపు ఎడం కాపాడడానికే గాని తీగెల బరువు గొట్టం మోయడానికి కాదు. బరువుకు వేరే క్లాంపులు వేయాలి. చాలమంది కొత్త నిర్మాతలు చేసే తప్పు సరిగా ఇదే. చేతికందిన గొట్టానికి తీగెను కట్టివేస్తారు. అంతా పొందికగా కనబడుతుంది. నిప్పునూ పెట్రోలునూ ఒకే త్రాట కట్టినామన్న సంగతి మాత్రం తోచదు.

ఇన్ని సుగుణాలున్న ఈ అధ్యాయానికి ఒక పెద్ద లోపం ఉన్నది. దానిలోని అన్నిటికంటె విలువైన ఆలోచన దాగవలసిన చోట కాని చోట దాగి ఉన్నది.

తీగెలను ఒక్కటిగా చుట్టి ఉంచడానికి రెండు సాధనాలున్నాయి. ఒకటి మైనం పట్టించిన బల్లపరుపు దారం. క్లాంపుల మధ్య దూరం 12 అంగుళాలు మించినప్పుడు నడుమ కట్లు వేయాలని గ్రంథం అంటుంది. దారాన్ని కట్ట చుట్టూ రెండుమార్లు త్రిప్పి, చుట్లు ఒకదానినొకటి నొక్కిపట్టేటట్లు వేసి, పైన జంటముడి బిగించాలి. రెండవది నైలాన్ పట్టీ. పళ్లున్న తోకను తలలో దూర్చి లాగితే క్షణంలో బిగుస్తుంది. దారం నేర్చుకొనాలి, పట్టీ నేర్చుకొననక్కరలేదు. కాబట్టి అందరి చేయీ పట్టీమీదికే పోతుంది.

ఈ పట్టీలను గూర్చి చెప్పేటప్పుడు గ్రంథం ఒక నియమం చేస్తుంది. చక్రాల గూళ్లు, రెక్కల ఫ్లాపుల చుట్టుప్రక్కలు వంటి గాలివానకు గురియైన చోట్ల వీటిని వాడరాదు. అదురు ఎక్కువగా ఉండి, పట్టీ తెగితే తీగెలు కదలి తొడుగు చెడగొట్టే భాగాలమీదికి గాని, నియంత్రణ యంత్రాంగం మీదికి గాని పోయే అవకాశం ఉన్నచోట వాడరాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలేచోట, వాటికి తట్టుకొనే రకమైతే తప్ప, వాడరాదు.

ఈ మూడింటిలో నడిమి వాక్యం అసలైన రత్నం. ఎండ, వాన అనేవి నైలాన్ స్వభావానికి సంబంధించిన సంగతులు. కాని 'ఇది తెగితే తీగె ఎటు పోతుంది?' అన్న ప్రశ్న నైలాన్‌కు మాత్రమే సంబంధించినది కాదు. దారపు ముడి విడిపోవచ్చు. క్లాంపు స్క్రూ ఊడిపోవచ్చు. గ్రామెట్ ఎండి పగిలి రాలిపోవచ్చు. ప్రతి బిగింపు విషయంలోను వేసుకొనవలసిన ప్రశ్న అదే. అది అధ్యాయపు మొదటి వాక్యం కావలసినది. పట్టీల నిషేధాల్లో ఒక ఉపవాక్యమై మిగిలిపోయింది. తొందరలో చదివే నిర్మాత అక్కడ 'పట్టీలు మంచివి కావు, దారం మంచిది' అన్న తీర్పు మాత్రమే గ్రహిస్తాడు. దారంతోనే కట్టి, ఆ కట్టను చుక్కాని కేబులుకు పైన వ్రేలాడదీసినట్లయితే నియమం పాటించినట్లే ఉంటుంది, ప్రమాదమూ ఉన్నచోటనే ఉంటుంది. ఆ ప్రశ్న మొదట వేసుకొన్నవాడు మాత్రం తీగెను కేబులుకు ప్రక్కగా త్రిప్పి, ఒక కట్టు తెగినా రెండవది పట్టి ఉంచేటట్లు ఏర్పాటు చేస్తాడు. అప్పుడు దారమా పట్టీయా అన్నది చిన్న విషయమవుతుంది.

రెండవ లోపం 24 అంగుళాల నియమంలో ఉన్నది. వీణ తంత్రిని మెట్టుమీద నొక్కి పొట్టి చేస్తే స్వరం హెచ్చుతుంది. అట్లే క్లాంపుల మధ్య దూరం తగ్గినకొద్దీ తీగెల కట్ట సహజ కంపనసంఖ్య పెరుగుతుంది. దూరాన్ని సగం చేస్తే, తంత్రివలె బిగువుగా ఉన్నదానికి రెండింతలు, కడ్డీవలె బిరుసైనదానికి నాలుగింతలు అవుతుంది. తీగెల కట్ట ఈ రెంటికీ నడుమ ఉంటుంది. ఇంజను అదురు, కట్ట కంపనం ఒకే సంఖ్యకు వస్తే అనునాదం పుట్టి కట్ట ఊయలవలె ఊగుతుంది. కాబట్టి తోకలోని నిశ్చలమైన భాగంలో చాలిన దూరం ఇంజను వెనుక గోడ దగ్గర చాలకపోవచ్చు. 24 అంగుళాలు గరిష్ఠపరిమితి అని గ్రంథం చెప్పింది, నిజమే. కాని పరిమితిని కొలతగా తీసుకోవడం మనుష్య స్వభావం. అదురు హెచ్చైనచోట దగ్గర దగ్గరగా వేయడం ఎందుకో నాలుగు పంక్తుల్లో వివరించి ఉంటే ఈ పొరపాటుకు తావుండేది కాదు.

ఇంజను విషయంలో ఈ వివరణ మరీ అవసరం. చిన్న విమానాల్లో ఇంజను రబ్బరు దిమ్మెలమీద కూర్చుండి ఉంటుంది. మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు అది శరీరంనుండి వేరుగా ఊగుతుంది. కాబట్టి గోడనుండి ఇంజనుకు పోయే తీగెను గోడవైపు ఒకచోట, ఇంజనుమీద ఒకచోట గట్టిగా పట్టి, నడుమ కొంత వదులు చుట్ట విడవాలి. కదలిక ఆ చుట్టలో అణగిపోతుంది. అట్లు కాక బిగువుగా లాగితే కదలిక అంతా తీగె చివరి బిళ్లదగ్గరికి చేరుతుంది. సన్నని రాగిపోగులు ఒకటొకటిగా అక్కడనే తెగుతాయి. ఇంజనును మోసే ఉక్కు గొట్టాలకు నైలాన్ పట్టీలతో తీగెలను కట్టినచోట మరొక చిక్కు. పట్టీ క్రింద దుమ్ము చేరి, అదురుకు ఆకురాయివలె రాచి గొట్టపు రంగును తీసివేస్తుంది, తుప్పు మొదలవుతుంది. అక్కడ మెత్త ఉన్న క్లాంపే తగినది. అర అంగుళం వదులు అన్న నియమాన్ని మాత్రమే కంఠస్థం చేసినవాడు ఎక్కడ బిగువు కావాలో, ఎక్కడ వదులు కావాలో విడదీసి చూడలేడు.

మూడవ లోపం కాలానికి సంబంధించినది. ఈ అధ్యాయం చెప్పే పద్ధతులకు ప్రధానమైన నమూనా లోహపు పక్కటెముకలున్న విమానం. పక్కటెముకకు రంధ్రం చేసి స్క్రూతో క్లాంపు బిగించవచ్చు. విమానపు శరీరమే విద్యుత్తుకు తిరుగుదారి అవుతుంది. ఇంటివిమానాలు చాలకాలంగా ఆ హద్దులు దాటిపోయినాయి. బర్ట్ రూటన్ రూపొందించిన వారీ-ఈజీ 1975లో ఎగిరింది. దాని శరీరం నురుగుదిమ్మెపై గాజునార, రెజిన్‌లతో కట్టినది. అట్టి చర్మానికి ఇష్టమైనచోట రంధ్రం చేయరాదు. ఆధారపు దిమ్మెలను జిగురుతో అంటించవలసి వస్తుంది. గాజునార విద్యుత్తును ప్రసరింపనీయదు గనుక ప్రతి పరికరానికీ తిరుగుతీగె కూడ వేయాలి. కట్ట లావవుతుంది, బరువు పెరుగుతుంది. జిగురు ఊడిపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఇక్కడ మరింత పదునైనది. గ్రంథపు మూడవ అధ్యాయం గాజునారను, ప్లాస్టిక్కును గూర్చినదే. ఐనా ఆ జ్ఞానం 11వ అధ్యాయంలోని తీగెలదాకా ప్రవహించలేదు.

ఈ కొరతను కొంతవరకు తీర్చినవి ఇతరుల రచనలు. ఇంటివిమానాల నిర్మాతలు ఆదరించే రాబర్ట్ నకల్స్ గ్రంథం 'ఏరోఎలెక్ట్రిక్ కనెక్షన్' విద్యుత్తంత్రాన్ని మొత్తంగా వేరొక కోణంనుండి చూస్తుంది. ఏ భాగమైనా ఎప్పుడో ఒకప్పుడు చెడుతుంది; చెడినా విమానం క్షేమంగా దిగేటట్లు అమర్చడమే నేర్పు అన్నది దాని మూలసూత్రం. ప్రభుత్వ గ్రంథం కొలతలిస్తే, నకల్స్ గ్రంథం ఆలోచించే పద్ధతి నేర్పుతుంది. ఒకటి లేక రెండవది అసంపూర్ణం. ఆలోచన మాత్రమే ఉండి కొలత లేనివాడు రెండంగుళాలు చాలునో ఆరు కావాలో తేల్చుకొనలేక మిగిలిపోతాడు. కొలత మాత్రమే ఉండి ఆలోచన లేనివాడు గ్రంథంలో లేని మూల ఎదురైనప్పుడు నిలిచిపోతాడు. చేతితో కట్టిన ప్రతి విమానంలోను అట్టి మూలలు పదుల సంఖ్యలో ఉంటాయి.

ఒక సమాధానం వినవచ్చు. 43.13 గ్రంథం పాఠ్యపుస్తకం కాదు. పనితెలిసిన మెకానిక్కు చేతిలో ఉండే సూచిక. అతనికి కారణాలు గురువు నేర్పి ఉంటాడు. ఈ సమాధానంలో న్యాయం లేకపోలేదు. కాని గ్రంథం ఎవరి చేతికి చేరిందో కూడ చూడాలి. షెడ్డులో ఒంటరిగా పనిచేసే నిర్మాతకు గురువు లేడు. అతడు కట్టిన విమానంలో మొదట ఎగిరేది అతడే. తరువాత భార్యనో బిడ్డనో ప్రక్కన కూర్చుండబెట్టుకొంటాడు. కారణం చెప్పడానికి అదనంగా పట్టే కాగితం ఆ ప్రక్క ఆసనంకంటె విలువైనది కాదు.

ఐనా ఈ అధ్యాయాన్ని ప్రక్కన పెట్టవలసిన పని లేదు. చదివే వరుసను మార్చుకొంటే చాలును. నైలాన్ పట్టీల నిషేధంలోని ఆ ఉపవాక్యాన్ని ముందు చదివి, దానిని ప్రశ్నగా మార్చుకొని, తరువాత మొదటినుండి ప్రారంభించాలి. అప్పుడు ప్రతి అంగుళానికీ అర్థం కనబడుతుంది. 6 అంగుళాలు ఎందుకో, స్క్రూ పైన ఎందుకో, గొట్టం బరువు మోయరాదని ఎందుకన్నారో తనంతట తానే బోధపడుతుంది. తనిఖీ కూడ ఆ ప్రశ్నతోనే జరగాలి. ఒక చేతిలో దీపం, మరొక చేతిలో చిన్న అద్దం పట్టుకొని, కట్ట వెంట వేలు నడుపుతూ, ప్రతి బిగింపు వద్ద ఆగి, ఇది ఊడితే తీగె దేనిమీద పడుతుందని చూసుకోవాలి. మెరుగెక్కిన లోహపు అంచు, తొడుగుమీద నల్లని పొడి, కట్టుక్రింద నునుపుదేలిన మచ్చ కనబడితే అక్కడ రాపిడి మొదలైనట్లే. గోడ పలకలు మూసివేయకముందు ఈ పనికి పట్టేది ఒక సాయంకాలం. మూసిన తరువాత ఆ మచ్చను చూడగలిగేవారు ఉండరు.